నాంచారమ్మ ఎంచుకున్న రంపం

అనగనగనగా, గాలివానకి తప్ప ఇంక దేనికీ భయపడని తేనెమెట్ట అనే రాజ్యం ఉండేది. దానికి మృగాంకవర్మ రాజు. రాజుల కాలంలో మోటారు రంపాలేమిటని అడగబోయేవాళ్ళు కాస్త ఆగండి. కథకి కాళ్ళుండవు, ముంతకి చెవులుండవు. తేనెమెట్టలో మాత్రం మోటారు రంపాలుండేవి, వాటికి జబ్బులు చేసేవి, ఆ జబ్బులు కుదిర్చే మనిషీ ఉండేది.

ఆవిడ పేరు నాంచారమ్మ. రేవు పక్కన తాటాకు పాకే ఆవిడ కొట్టు. ఎవరో వాడి వదిలేసిన రంపాలు కొని, విప్పి, బాగుచేసి మళ్ళీ కోతకి పంపేది. "నా చేతిలోంచి వెళ్ళిన రంపం నా పేరు మోస్తుంది" అనేది, తలెత్తి మరీ. "అబ్బో, పాత ఇనుము తోముకునేదానికి ఎంత గర్వమో!" అని కొందరు మూతి తిప్పేవారు. గర్వమే నాయనా! పనిచేసే చేతికి ఆ మాత్రం గర్వం లేకపోతే ఆ పని ఎవరికి కావాలి?

అలా ఉండగా ఒకనాడు రాజుగారి కోతగాడొకడు, సంతలో కొన్న పాత రంపంతో కొమ్మ నరుకుతుంటే గొలుసు ఫట్టుమని తెగి చేతికి తగిలింది. ప్రాణం దక్కింది గాని చెయ్యి పనికిరాకుండా పోయింది. ఆ రంపం అమ్మినవాడు వరహాలయ్య అనే వ్యాపారి. సభలో నిలబెట్టి అడిగితే రెండు చేతులూ జోడించి, "పాత రంపాలంటే అంతే ప్రభూ! ఎవరమ్మినా అంతే. ఇందులో నా తప్పేముంది?" అన్నాడు.

రాజుగారు నమ్మారు. "అయితే రాజ్యంలో పాత రంపాల కొట్లన్నీ మూయించండి!" అని ఆజ్ఞ వేశారు. వరహాలయ్యకి శిక్ష తప్పింది. అతనికేం, ఇంకో నాలుగు వ్యాపారాలున్నాయి.

నాంచారమ్మ గుండెల్లో మాత్రం రాయి పడింది. ఆ పాక తప్ప ఆవిడకి మరో లోకం లేదు. చేతులకంటిన గ్రీజు కూడా కడుక్కోకుండా నేరుగా సభకి వెళ్ళింది.

"మహారాజా! కూర మాడితే వండినవాళ్ళని అడుగుతామా, పొయ్యి తవ్వి పారేస్తామా? తప్పు చేసింది మనిషైతే శిక్ష ఇనుముకా?"

సభ అంతా నోరు తెరిచింది. రాజుగారు మాత్రం కోప్పడలేదు.

"మాట బాగుందమ్మా. చేత కూడా చూపించు. వరహాలయ్య కొట్టులోంచి నీకు నచ్చిన రంపం ఒకటి ఎంచుకో. మూడు రోజుల్లో బాగుచెయ్యి. కోటవాకిట గాలివానకి మద్దిమాను అడ్డంగా పడుంది చూశావుగా, మూడోనాడు మధ్యాహ్నం గంట కొట్టేలోగా దాన్ని కోయించు. కోస్తే నీ కొట్టు నీది. లేకపోతే దానికీ తాళమే."

వరహాలయ్యకి చెమటలు పట్టాయి. పాత రంపం బాగుపడుతుందని ఈవిడ చూపించిందా, తను చెప్పిందంతా బొంకని తేలిపోతుంది. అందుకని మర్నాడు నాంచారమ్మ గుమ్మంలోకి రాగానే ఎదురెళ్ళి, ఎక్కడలేని మర్యాదా చేశాడు.

"రావమ్మా, రా! ఇదిగో, ఇది చూడు. దొరల దివాణాల్లో వాడే పెద్ద మోటారు." తళతళలాడే ఎర్రరంగు రంపం ముందు పెట్టాడు. పెద్ద కంపెనీ పేరు చెక్కిన రేకు దాని పక్కన మెరుస్తోంది.

నాంచారమ్మ రేకు చదవలేదు. రేకు చుట్టూ ఉన్న మరలు చూసింది. రంపం పాతది, మరలు కొత్తవి. ఒళ్ళంతా జానతో కొలిచి చూసింది.

"రేకు పెద్ద రంపానిది, ఒళ్ళు చిన్న రంపానిది. పెద్ద మాను మీద పెడితే పట్టినవాడి చేతికే ముప్పు. పైన పటారం, లోన లొటారం! పక్కన పెట్టండి వరహాలయ్యగారూ."

వరహాలయ్య నవ్వేసి రెండోది తీశాడు. తాడు ఒక్క లాగు లాగాడో లేదో, రంపం గుర్రుమంది. "చూశావా! ఒక్క లాగుకే లేచింది!"

"ఆపండి. మీరు లాగకముందే దీని సైలెన్సరు మీద చెయ్యి వేసి చూశాను, వెచ్చగా ఉంది. నేను రాకముందే ఒకసారి తిప్పి ఉంచారు కదూ? చలిలో లేవలేనిదాన్ని చలికాచుకోబెట్టి లేపారన్నమాట." సైలెన్సరు విప్పి, ఆ కంతలోంచి లోపలికి తొంగిచూసింది. పిస్టన్ మీద నిలువునా గీతలు. "అయ్యో పాపం. నూనె కలపని పెట్రోలు పోసి తిప్పారు దీన్ని. లోపల ఎండి పట్టేసింది. ఇది బతకదు."

ఇక వరహాలయ్య ఏమీ చూపించలేదు. నాంచారమ్మే మూలకి వెళ్ళి, గోనెపట్టాల కింద పడున్న మూడో రంపాన్ని బయటికి లాగింది. జిడ్డు, చెక్కపొట్టు కలిసి అట్టలు కట్టి ఉంది. రంగే తెలియడం లేదు.

"ఛీ, అదా!" అన్నాడు వరహాలయ్య.

ఆవిడ తాడు పిడి పట్టుకుని రంపాన్ని గాలిలో వేలాడదీసింది. ఊపిరి లేని మోటారైతే జర్రున కిందికి జారిపోతుంది. ఇది జారలేదు. ఆగి, ఆగి, మెల్లగా దిగింది. సైలెన్సరు విప్పి చూస్తే పిస్టన్ నున్నగా ఉంది.

"జిడ్డుందంటే నూనె తాగిందనే కదండీ అర్థం? దీన్ని ఎవరో బుద్ధిగా వాడారు, తర్వాత బద్ధకించి వదిలేశారు. ఇదే నాది."

మొదటిరోజు అట్టలన్నీ గీకి, గాలిని వడగట్టే జాలీ ఉతికి, ఇంజను రెక్కల మధ్య ఇరుక్కున్న పొట్టంతా పుల్లతో తీసింది. రెండోరోజు ఎండి బీటలేసిన పెట్రోలు గొట్టం మార్చి, కార్బొరేటరులో కట్టెలా బిగిసిపోయిన పలచని పొరలు తీసి కొత్తవి వేసింది. సాయంత్రానికి రంపం దగ్గింది, తుమ్మింది, చివరికి హాయిగా పాడింది. నాంచారమ్మ గట్టిగా నవ్వింది. పురిటిగదిలోంచి వచ్చిన మంత్రసానికి కూడా అంత సంతోషం ఉంటుందో ఉండదో! మూడోనాడు పొద్దున్నే గొలుసు పళ్ళు ఒక్కొక్కటే ఆకురాయితో పదును పెట్టి, అన్నీ ఒకే ఎత్తుకి తెచ్చి, ఒక దుంగ మీద కోసి చూసి కోటకి బయలుదేరింది.

కోటవాకిట ఊరంతా ఉంది. రాజుగారు వచ్చి కూర్చున్నారు. వరహాలయ్య తన కొడుకుని కూడా వెంటబెట్టుకుని ముందు వరసలో నిలబడ్డాడు. రాజుగారి కోతగాళ్ళలో మరొకడు, కుర్రవాడు, రంపం అందుకోడానికి చేతులు చాచాడు. గంట కొట్టేవాడు సుత్తి ఎత్తడానికి ఇంకా నాలుగు నిమిషాలే ఉన్నాయి.

ఇచ్చేముందు అలవాటు కొద్దీ నాంచారమ్మ పాత గుడ్డతో గొలుసు చుట్టూరా తుడిచింది. ఒకచోట గుడ్డ పోగు పట్టుకుంది. వంగి చూసింది. ఒక లింకు మీద వెంట్రుకవాసి చీలిక.

ఎవరూ చూడలేదు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఒక్క మాను కోయడానికి ఆ గొలుసు ఆగినా ఆగేదేమో. ఆగితే పాక దక్కుతుంది. నాంచారమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎదురుగా కోతగాడి రెండు చేతులూ చాచి ఉన్నాయి.

ఆవిడ రంపం వెనక్కి తీసుకుంది.

"మహారాజా, గొలుసులో ఒక లింకు చిట్లింది. పొద్దున్న నా కంట పడలేదు, నాదే పొరపాటు. ఇది మార్చాలంటే గంట కొట్టే వేళ దాటిపోతుంది. మీరు నా కొట్టుకి తాళం వేయించండి. చిట్లిన గొలుసు మాత్రం నేను ఈ బిడ్డ చేతికివ్వను."

అంతలో గంట ఠంగున మోగింది.

వరహాలయ్య ఎగిరి గంతేసినంత పనిచేశాడు. "చూశారా ప్రభూ! పాత రంపాలంటే అంతే అని నేను ముందే మనవి చేశానా!"

రాజుగారు ఆవిడ వంకా, అతని వంకా మార్చి మార్చి చూశారు. "వరహాలయ్యా, అన్ని పాత రంపాలూ ఒకటే అన్నావుగా? అయితే నువ్వు ముందు ఆవిడకివ్వబోయిన ఎర్ర రంపం సంగతి విన్నాను, దాన్ని తెప్పించు. మీ అబ్బాయి దిట్టంగా ఉన్నాడు, పట్టి కోస్తాడు."

భటులు రంపం తెచ్చి కొడుకు చేతిలో పెట్టబోయేసరికి వరహాలయ్య అడ్డం పడి, "వద్దు ప్రభూ, వద్దు! ఒక్కగానొక్క కొడుకు!" అని అరిచేశాడు.

"చెయ్యి పోగొట్టుకున్నవాడు కూడా ఒక తల్లి కన్నబిడ్డేనయ్యా" అన్నారు రాజుగారు మెల్లగా. అప్పుడు నాంచారమ్మ వైపు తిరిగారు. "అమ్మా, నీ రంపం బాగయ్యాక ముందు ఎవరి చేతికిస్తావు?"

"ఎవరికో ఎందుకు ప్రభూ? నేనే పడతాను."

అక్కడే నేలమీద చతికిలబడి, చిట్లిన లింకు కొట్టి తీసి, కొత్తది వేసి బిగించింది. గుడ్డతో రెండు చుట్లు తుడిచింది. ఎక్కడా పట్టలేదు. లేచి కొంగు నడుముకి బిగించి, తాడు లాగింది. మద్దిమాను ముంజికాయలా తెగింది. చెక్కపొట్టు ఎగిరి రాజుగారి పాగా మీద పడితే ఆయన దులుపుకోనైనా లేదు.

వరహాలయ్య మోసానికి శిక్ష పడింది, చెయ్యి చెడిన కోతగాడిని జీవితాంతం పోషించే భారం అతని నెత్తిన పడింది. కొట్లు మూయమన్న ఆజ్ఞ రద్దయింది. తేనెమెట్టలో ఏ పాత రంపం అమ్మినా ముందు నాంచారమ్మ చూసి తీరాలని, దానిలో లోపం ఏదైనా ఉంటే కొనేవాడి మొహాన చెప్పి మరీ అమ్మాలని చాటింపు వేశారు. నాంచారమ్మ రంపం భుజాన పెట్టుకుని తన పాకకి నడిచింది. తల ఎప్పటిలాగే ఎత్తుకునే ఉంది, ఈసారి మూతి తిప్పినవాళ్ళు ఒక్కరూ లేరు.

తన పనిలో తప్పు తానే బయటపెట్టగలిగినవాళ్ళకే, ఆ పనిని చూసి తలెత్తుకునే హక్కు ఉంటుంది.