ఐదు ముద్రల మావటి

ఒకానొక రాజ్యాన్ని వీరకేసరి అనే రాజు ఏలేవాడు. ఆయనకు మనిషి మీదకంటే, మనిషి తెచ్చిన సిఫారసు లేఖ మీద గురి ఎక్కువ. లేఖ మీద ఎన్ని ముద్రలుంటే ఆ మనిషి అంత గొప్పవాడని ఆయన నమ్మకం. రాసినవాళ్ళను పిలిచి ఒక్క ముక్క అడిగిన పాపాన పోలేదు.

ఈ పిచ్చితో విదూషకుడు పేరయ్యకు తల ప్రాణం తోకకొచ్చింది. నాలుగు ముద్రలు చూసి వంటవాణ్ణి పెడితే కొలువంతా కడుపునొప్పితో మెలికలు తిరిగింది. ఐదు ముద్రలు చూసి మావటిగా పెట్టుకున్న వరదప్పకేమో ఏనుగంటేనే హడలు! మేత దూరం నుంచి విసిరి పరుగెత్తేవాడు. పట్టపుటేనుగు కాలికి పుండు పడింది. నాలుగు రోజులుగా అది గడ్డిపోచ ముట్టలేదు. పేరయ్య రోజూ వెళ్ళి దాని తొండం నిమిరి, కళ్ళు తుడుచుకుంటూ వచ్చేవాడు.

"మావటిని మార్చండి ప్రభూ!" అని మొత్తుకుంటే, "ఆరు ముద్రలవాణ్ణి తీసుకురా" అనేవాడు రాజు.

అంతలో సింగన్న అనే మావటి వచ్చాడు. సామంతరాజు దగ్గర పదేళ్ళు పనిచేశాడు. అత్తవారిది ఈ ఊరే కావడంతో ఇక్కడ కొలువు కోరుకున్నాడు. పాపం, చదువు రాదు. సామంతరాజు ఇచ్చిన లేఖను భద్రంగా తలపాగాలో పెట్టుకుని తెచ్చాడు.

మంత్రి చదివాడు: "ఈ సింగన్న ఒట్టి సోమరి. నోటి దురుసు. ఇతణ్ణి ఏనుగు దరిదాపులకు రానివ్వకండి. వెంటనే మాకు తిప్పి పంపండి."

సింగన్న ముఖం పాలిపోయింది. "పదేళ్ళు చాకిరీ చేశాను సామీ! ఇలా రాశారా?"

"నడు బయటికి! ఉన్నది ఒక్క ముద్ర, అదీ తిట్ల కింద!" అన్నాడు రాజు.

పేరయ్యకు ఒళ్ళు మండిపోయింది. అయినా చేతులు జోడించాడు. "ప్రభూ, పొరుగు రాజుగారు మన వరదప్పను అడిగితే పంపిస్తారా?"

"అడగాలే గానీ, పల్లకీ ఎక్కించి పంపిస్తాను. ఐదు ముద్రలున్నా వాడివల్ల ఏనుగు చిక్కిపోతోంది, పీడా పోతుంది!"

"మరి ఉత్త చేతులతో వెళితే ఎవరు తీసుకుంటారు? తమరొక లేఖ..."

రాజు మీసం దువ్వి చెప్పసాగాడు. "రాయండి! 'వరదప్ప ఐరావతాన్నయినా లొంగదీయగలడు. ఇంతటివాణ్ణి వదులుకోలేక వదులుకుంటున్నాం.' ఊఁ, రెండు ముద్రలు వెయ్యండి. కాదు, మూడు!"

పేరయ్య ఆ లేఖను రాజు చేతిలోనే పెట్టాడు. "ఇలాంటిది పట్టుకుని ఎవడైనా తమ దగ్గరికి వస్తే?"

"తక్షణం కొలువి..." రాజు గతుక్కుమన్నాడు.

"వరదప్ప ఐదు ముద్రలూ ఇలాగే పడ్డాయి మహాప్రభో! సామంతుడి లేఖ మళ్ళీ చూడండి. పనికిమాలినవాణ్ణి తిప్పి పంపమని ఎవడైనా బతిమాలుకుంటాడా? రాసినవాణ్ణి అడగరు, వచ్చినవాడి పనీ చూడరు! గజశాల ఇక్కడికి పది అడుగులు. ఒక్కసారి చూడండి!"

అందరూ గజశాలకు వెళ్ళారు. వరదప్ప స్తంభం చాటుకు తప్పుకున్నాడు. సింగన్న ఏనుగు కాలి దగ్గర చతికిలబడి, గొణుక్కుంటూ పుండు కడిగి, పసుపూ నూనే పట్టించాడు. తర్వాత చెరకుగడ చాచాడు. ఏనుగు కాసేపు వాసన చూసి, అందుకుని నమిలింది.

రాజు చాలాసేపు చూశాడు. ఆ తర్వాత పకపకా నవ్వి, సింగన్నకు కొలువిచ్చి, రాయసగాణ్ణి పిలిచాడు.

"రాయి! 'మా పేరయ్య తిండిపోతు. నోటికి అదుపు లేదు. ఇతణ్ణి ఎవరూ చేరదీయకండి. కనబడితే వెంటనే తిప్పి పంపండి.' ఒక్కటే ముద్ర వెయ్యి."

తన చేతి కంకణం తీసి, ఆ లేఖతోపాటు అందించాడు. పేరయ్య కంకణాన్ని సంచిలో వేసుకుని, లేఖను కళ్ళకద్దుకున్నాడు.