తాతయ్య బొటనవేలూ, డైనమో బెల్టూ

మా ఇంట్లో అందరికీ తెలివి ఎక్కువ. పెట్టెలో పట్టుచీరలా మడత నలగకుండా దాచుకుంటాం, ఊరికే బయటికి తియ్యం. అందరిలోకీ నాకింకాస్త ఎక్కువ. డిగ్రీలో ఫిజిక్సు మిగతావాళ్ళు ఒకసారి రాస్తే నేను మూడుసార్లు రాశాను.

మా తాతయ్య నూకరాజు కుర్రతనంలో కొన్న ట్రాక్టరు ఇంకా మా పాకలో ఉంది. నాన్నకంటే రెండేళ్ళు పెద్దది, అందుకని నాన్న దాన్ని మీరు అంటాడు. ఓ బుధవారం పొద్దున్నే తాళం తిప్పితే అది టిక్‌మంది. మళ్ళీ తిప్పితే అదీ అనలేదు.

అసలే శుక్రవారం వరి ఊడుపు. పోలమ్మ కూలీల ముఠా మాకు ఆ ఒక్కరోజే ఇచ్చింది. ఆలోగా ఎకరం చేను నీళ్ళు పెట్టి మెత్తగా దమ్ము చేసి ఉంచకపోతే వాళ్ళు పైఊరు వెళ్ళిపోతారు, పదిహేను రోజులకి గాని రారు. అప్పటికి నారుమడిలో ఆకు ముదిరిపోతుంది, ఏడాది తిండి పోతుంది.

చిన్నాన్న గవర్రాజు మెకానిక్ బాజీకి ఫోన్ చేశాడు.

"రేపు మధ్యాహ్నం వస్తానండి. ఈలోగా డైనమో బెల్టు చూడండి. అది వదులైతే బ్యాటరీకి ఛార్జింగు ఎక్కదు. బొటనవేలితో నొక్కితే వేలి మందం లొంగాలి, అంతే," అన్నాడు బాజీ.

అంతే. ఇంట్లో ఆరుగురం, పన్నెండు బొటనవేళ్ళు. ఏ వేలో బాజీ చెప్పలేదు.

"నాది పెట్టి చూద్దాం," అన్నాడు చిన్నాన్న.

"నువ్వు పుట్టకముందటి బండిరా అది. కొన్నాయన వేలే కొలత," అంది నాయనమ్మ.

తాతయ్య కుడి బొటనవేలు చిన్నప్పుడు రోకలి కింద పడి అట్టులా పరుచుకుంది. ఆ మందానికే బెల్టు బిగించాం.

"ఇక తాతయ్య చేత ఏ పనీ చేయించకూడదు. వేలు వాచిందంటే బెల్టు కొలత మారిపోతుంది," అన్నాను నేను. ఫిజిక్సు మరి.

వేలికి మెత్తటి గుడ్డ చుట్టాం. నాయనమ్మ అన్నం కలిపి ముద్దలు పెట్టింది. తాతయ్య నోరు తెరిచాడు. యాభై ఏళ్ళ కాపురంలో ఆయన అంత సుఖపడడం అదే మొదలట.

అందరం కలిసి వీధి చివరిదాకా నెడితే ఇంజను అందుకుంది. కానీ స్టీరింగు దగ్గర ఎర్రలైటు ఆరలేదు. మళ్ళీ బాజీకి ఫోన్.

"లైటు ఆరలేదంటే ఛార్జింగు ఎక్కట్లేదండి. దమ్ముకి దాంతో పనిలేదు, తోలుకోండి. నేనొచ్చేదాకా మాత్రం మెరక మీద తప్ప ఎక్కడా ఆపకండి. మెరకైతే దొర్లించి స్టార్టు చేసుకోవచ్చు."

ఇంకేముంది. మా ఊరు పళ్ళెంలా ఉంటుంది. ఊరంతా వెతికితే దొరికే మెరక మా నాయనమ్మ కూర్చునే పీట. నాన్న పదకొండింటికల్లా దమ్ము పూర్తి చేశాడు. ఆపడానికి మెరక లేదు. ఇంకో చుట్టు తిరిగాడు. ఇంకోటి. మధ్యాహ్నం అమ్మ గట్టు వెంట పరిగెడుతూ అన్నం ముద్దలు విసిరింది. మూడింట్లో ఒకటి నోట్లో పడింది, మిగతావి కొంగలకి.

"పచ్చడి విసరకే," అని కేకేశాడు నాన్న. అప్పటికే విసిరేసింది.

"మెరక లేకపోతే మనమే చేసుకోవాలి," అన్నాను నేను. చేలో బురద నిలబడదు, గట్లయితే మంచి గట్టిమట్టి. నేనూ చిన్నాన్నా నాలుగు గట్లూ తవ్వి సాయంత్రానికి నిలువెత్తు దిబ్బ పోశాం. నాన్న దాని మీద ట్రాక్టరు ఆపి దిగాడు. ఇంటికి నడవబోతే కాళ్ళు గుండ్రంగా తిరిగాయి.

"చేలో నీళ్ళేవండీ?" అంది అమ్మ.

గట్లతోపాటే పోయాయి. పక్కవాళ్ళ చేలో హాయిగా ఉన్నాయి.

మర్నాడు బాజీ వచ్చాడు. "ఇదెక్కడి కొండండీ, మొన్న లేదు," అంటూ ఎక్కాడు. డైనమో దగ్గర ఊడిన వైరొకటి బిగించి, దొర్లించి స్టార్టు చేస్తే ఎర్రలైటు ఆరింది.

"బెల్టు ఎవరు చూశారు? సరిగ్గా ఉందే," అన్నాడు.

తాతయ్య గుడ్డ చుట్టిన వేలు పైకెత్తాడు.

"ఓ గంట తిప్పండి. ఇక ఎక్కడ ఆపినా స్టార్టవుద్ది," అని బాజీ వెళ్ళిపోయాడు.

గంట తిప్పాం. దిబ్బ మట్టితో గట్లు మళ్ళీ పోశాం. చేనుకి నీళ్ళే లేవు. పక్కన బోదె కాలవలో మోకాల్లోతే పారుతోంది, మా తూముకి అందదు.

"అది సరే అమ్మడూ, ఎక్కడ ఆపినా అన్నాడు గదా, చూడొద్దూ?" అన్నాడు చిన్నాన్న.

అంతే. టీకొట్టు ముందు ఆపాం, స్టార్టయింది. పాలకేంద్రం ముందు ఆపాం, స్టార్టయింది. పంచాయితీ ఆఫీసు మెట్లకి ఆనించి ఆపాం, అక్కడా అయింది.

"ఇవన్నీ పొడి చోట్లు. తడి చోట కూడా చూడాలి," అన్నాను నేను.

చిన్నాన్న బోదెలోకి దించి అడ్డంగా ఆపాడు. తాళం తిప్పాడు. టిక్ కూడా లేదు. అడ్డు తగిలిన నీళ్ళు ముందు చక్రాలు దాటి డైనమోదాకా లేచాయి. ఇంకేముంది, ట్రాక్టరూ పోయింది, ఊడుపూ పోయింది అని ఏడుస్తూ ఇంటికెళ్ళి పడుకున్నాం.

శుక్రవారం పొద్దున్న పోలమ్మకి ఏం చెప్పాలా అనుకుంటూ వెళితే, చేను నిండా నీళ్ళు. ట్రాక్టరు అడ్డానికి బోదె పొంగి తూములోంచి వచ్చేశాయి. పోలమ్మ చేలో కాలు పెట్టింది.

"వెన్నలా ఉంది. ఈ ఏడు ఇంత మెత్తటి దమ్ము ఎక్కడా చూళ్ళేదు. ఎవరు చేశారండీ?"

నాన్న ఛాతీ విరుచుకుని గుండ్రంగా ఓ అడుగు వేశాడు.

"మావాళ్ళు నలుగురు రాలేదు. ఆ మూల ఐదు సెంట్లూ మీరు ఊడవండి, లేకపోతే పొద్దుగూకేలోగా అవదు," అంది పోలమ్మ.

మేం ఎప్పుడూ గట్టు మీదుండి చెప్పినవాళ్ళమే. "ఎంత లోతు గుచ్చాలి?" అని అడిగాను.

"బొటనవేలంత. అంతే."

అంతే. అందరం తాతయ్య వైపు చూశాం.

నాన్నా చిన్నాన్నా ఆయన్ని కుర్చీతో సహా చేలోకి మోసుకొచ్చారు. నాయనమ్మ గుడ్డ విప్పింది. తాతయ్య వేలు గుచ్చాడు, నేను ఆ గుంటలో ఆకు పెట్టాను. కుర్చీ జానెడు జరిపారు. గుచ్చాడు, పెట్టాను. జరిపారు.

పొద్దుగూకేసరికి ముఠా మిగతా చేనంతా ఊడ్చి కాళ్ళు కడుక్కుంటోంది. మేం మా మూలలో రెండో వరస మీదున్నాం. తాతయ్య వేలు నానీ నానీ బూరెలా ఉబ్బింది. నాయనమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఆపండర్రా. ఆకు తర్వాత పెట్టొచ్చు. వేలు వాచింది, ముందెళ్ళి బెల్టు వదులు చెయ్యండి."

నేనూ చిన్నాన్నా పానా పట్టుకుని బోదెలోకి దిగాం.