నగారా ఆయనది, నింద ఆమెది

రాజుల కన్నా వైద్యశాలల యజమానులకే దర్పం ఎక్కువైన ఓ రాజ్యంలో, రత్నాకరయ్య వైద్యశాలకు ఒక ఆచారం ఉండేది. రోగి లేచి నడిచి వెళితే గుమ్మంలో రత్నాకరయ్య పేరిట నగారా మోగేది. ఎముక వంకరగా అతుక్కుంటే మాత్రం, అక్కడ జీతానికి కట్లు కట్టే నూకాలు పేరు ఊరంతా చాటింపు వేసేవారు.

ఆ చాటింపు విని విని విసిగిపోయిన నూకాలు పని మానేసి, తన ఇంటి అరుగు మీదే కట్లు కట్టడం మొదలెట్టింది. జనం అటే మళ్లారు. రత్నాకరయ్య రాజుగారి దగ్గరికి పరుగెత్తి, నూకాలును సభకు పిలిపించాడు.

"ప్రభూ, దీని చేతిలోని విద్య నా వైద్యశాలలో నేర్చింది. అది నా ఆస్తి. ఇక ఇది ఎవరి ఎముకా ముట్టకూడదు!"

ఆ విద్య పోతే నూకాలు పొయ్యిలో పిల్లి లేవదు. ఆమె కొంగు బిగించింది.

"అయ్యగారూ, మీ ఆచారం ప్రకారం బాగైందంతా మీదే కదా?"

"సందేహమా!"

"మరి చెడింది?"

"ముమ్మాటికీ నీదే. చాటింపు ప్రభువులవారూ విన్నారు."

"అదే చెబుతున్నా ప్రభూ! సరిగ్గా అతికిన కాలు నాకేమీ నేర్పలేదు, దాని దారిన అది నడిచిపోయింది. వంకరపోయినప్పుడే, ఎక్కడ తప్పానో వెతుక్కుని నేర్చుకున్నాను. తప్పులు నావైతే, వాటి పంట ఈయనదెలా అవుతుంది?"

"ఆ తప్పులూ నావే" అనబోయాడు రత్నాకరయ్య. అంతలో, ఆయన వైద్యశాలలోనే కట్టు కట్టించుకుని ఇప్పటికీ కుంటుతున్న సేనాపతి, కత్తి పిడి మీద చెయ్యేసి ఆసక్తిగా ముందుకు వంగాడు. రత్నాకరయ్య ఆ మాట మింగేసి రెండడుగులు వెనక్కి వేశాడు.

రాజు నవ్వాడు. "విద్య నూకాలుది. రత్నాకరయ్యా, నగారా నువ్వే ఉంచుకో."