చీలని సంఖ్య

గణితం చెప్పే అవధానులు గారిది ఒక మొండి అలవాటు. శిష్యుడు ప్రశ్న అడిగితే ఆయన నేరుగా జవాబు చెప్పరు, ఇసుక పలక ముందుకు లాగుతారు.

ఆ ఏడాది సంస్థానం వారు పొలాలు కొలవడానికి కొత్త తాడు తెచ్చారు. తాడు మూరెడు పొట్టి. పొట్టి తాడుతో కొలిస్తే ఉన్న పొలమే ఎక్కువగా లెక్కకొస్తుంది, రైతు నెత్తిన శిస్తు పెరుగుతుంది. తాడు సరిగ్గానే ఉందని నిండు సభలో ఒక్క మాట అనమన్నారు అవధానుల్ని. ఆయన అననన్నారు. ముందు శాలువా లాక్కున్నారు, ఆపైన మాన్యం. ఎల్లుండి ఇల్లు.

శిష్యుడు సూరన్న ఇక ఉండబట్టలేకపోయాడు. "అన్నీ ఊడ్చుకుపోయాక మనకేం మిగులుతుందని, గురువు గారూ? ఆ ఒక్క మాటా అనేస్తే పోలేదా?"

ఆయన ఇసుకలో 73939133 అని రాశారు. తనతోనూ ఒకటితోనూ తప్ప దేనితోనూ నిశ్శేషంగా చీలని సంఖ్య అది. వానాకాలమంతా కూర్చుని ఆ సంగతి తేల్చింది సూరన్నే.

"చివరి అంకె చెరుపు. మిగిలింది చీలుతుందేమో చూడు. చీలకపోతే మళ్లీ చెరుపు. ఎక్కడ చీలితే అక్కడ ఆపు, నేను సభకొచ్చి ఆ మాట అనేస్తాను."

సూరన్నకు ప్రాణం లేచొచ్చింది. అంత పొడుగు సంఖ్య ఎక్కడో అక్కడ చీలకుండా పోతుందా? కొన చెరిపి భాగహారాలు మొదలెట్టాడు. చీలలేదు. మళ్లీ చెరిపాడు. చీలలేదు. రెండు పగళ్లు అదే పని, తిండి ధ్యాస లేదు. 739 దగ్గరికొచ్చేసరికి ప్రతి భాగహారమూ ఒకటికి రెండుసార్లు సరిచూసుకున్నాడు. ఇప్పుడు భయం వేరు, ఇది గనక చీలితే ఎలా అని. అదీ చీలలేదు, 73 కూడా చీలలేదు. చివరికి 7 మిగిలింది. దాన్ని చూస్తుంటే సూరన్నకు తన మీద తనకే సిగ్గేసింది, ఆ వెంటనే పట్టరాని పొగరొచ్చింది.

అప్పుడే ఇల్లు ఖాళీ చేయించడానికి దివాణం పేష్కారు బంట్రోతుల్ని వెంటేసుకుని దిగాడు. "ఏమంటాడయ్యా మీ గురువు?"

"తాడు పొట్టిదే అంటున్నాం," అన్నాడు సూరన్న.

పేష్కారు ముఖం మాడ్చుకుని, పలక మీద మిగిలిన ఆ ఏడును కూడా అరచేత్తో తుడిచిపారేశాడు. "ఇప్పుడేం మిగిలింది మీకు?"

సూరన్న పలక చంకన పెట్టుకుని లేచాడు. అవధానులు గారు గడప దాటబోతూ వెనక్కి తిరిగారు.

"చెరిపారు, పేష్కారు గారూ. చీల్చలేదు."