అడివయ్యకు జవాబు

ప్రభంజన్‌కు ఒళ్ళు మండిపోయింది. అడివయ్య అనే మనిషి రాసిన ఉత్తరం ముచ్చటగా మూడోసారి వచ్చింది. మాట మారలేదు, ఒక్క అక్షరం మారలేదు.

"మీ వినికిడి పాడైపోయింది. కొత్తది వేసుకోమన్నారు, వేసుకున్నాం. అప్పట్నుంచి బటన్ల దగ్గరికి రాగానే మూగబోతోంది. మా హాస్టలు పిల్లలు పరీక్షలకు చదువుకునేది దీంతోనే. చేతగానప్పుడు ఈ పని ఎందుకు పెట్టుకున్నారు? వెంటనే బాగుచేయండి."

వినికిడి అంటే కంప్యూటర్ తెర మీదున్న తెలుగును పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్. చూపు లేనివాళ్ళ కోసం చేసింది. ఉచితం. దాని లోపలి రాతనంతా కూడా దాచుకోకుండా బయట పెట్టేశారు. తెలిసినవాళ్ళెవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, బాగుచేసి మళ్ళీ అందరికీ ఇవ్వొచ్చు. ఓపెన్ సోర్స్ అంటారు దాన్ని. తీసుకున్నవాళ్ళు బోలెడుమంది. బాగుచేసి ఇచ్చినవాళ్ళ కోసం మాత్రం దీపం పెట్టి వెతకాలి.

మొదలుపెట్టింది ఖాజా మొహిద్దీన్ గారు. నంద్యాల పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. శిష్యులందరికీ ఆయన ఉస్తాద్. మొదట్లో ఆయన చుట్టూ ఒక గుంపు ఉండేది. తర్వాత ఉద్యోగాలు, పెళ్ళిళ్ళు, పిల్లలు. ఒక్కొక్కరే తప్పుకున్నారు. వాళ్ళను అనడానికి ఏమీ లేదు. చివరికి ప్రభంజన్ ఒక్కడే మిగిలాడు. కర్నూలులో ఉద్యోగం చేసుకుంటూ సెలవులన్నీ దీనికే తగలేసేవాడు. "ఆ వినికిడినే కట్టుకోకపోయావా" అని భార్య ఒకసారి అంది. నవ్వుతూ అన్లేదు.

ఇక వచ్చే ఉత్తరాలు సరేసరి. మగగొంతు బాగాలేదు, ఆడగొంతు పెట్టండని ఒకాయన. మా తమ్ముడి ల్యాప్‌టాప్‌లో ఎక్కడం లేదు, మీరే వచ్చి వేసిపోండని ఒకావిడ. ఇంకొకాయనైతే ఫోన్ నంబరు ఎలా సంపాదించాడో ఏమో, సరిగ్గా అన్నం ముందు కూర్చున్నప్పుడు చేస్తాడు. ఇవన్నీ ప్రభంజన్ ఓర్చుకున్నాడు. చేతగానివాడన్న మాట ఒక్కటి ఓర్చుకోలేకపోయాడు.

ఆదివారం పొద్దున బస్సెక్కి నంద్యాల వచ్చాడు. ఉస్తాద్ గది సైకిల్ షాపు మీద ఉంటుంది. ఆయన కిటికీ దగ్గర కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుచుకుంటున్నారు. రమ్మని చెయ్యి ఊపారు.

"ఉస్తాద్, ఒక ఉత్తరం రాశాను. బటన్ల దగ్గర పలకట్లేదు, వెంటనే బాగుచేయండని అడివయ్య అని ఒకాయన మూడుసార్లు రాశాడు, ఆయనకు జవాబు. ఆయనకే కాదు, వాడుకునే అందరికీ వెళ్తుంది. మీరు సరేనంటే పంపేస్తాను."

"ఏం రాశావు?"

"ఇకమీదట ఎవరి ప్రశ్నలకూ జవాబులు ఉండవని. ఉన్నదున్నట్టు వాడుకుంటే వాడుకోండి, లేకపోతే మానుకోండని."

"నువ్వు మానేస్తున్నావా?"

"మానేస్తే మాత్రం తప్పేముంది? నాకేమన్నా జీతమిస్తున్నారా? వెట్టిచాకిరి చేస్తున్నా, పైగా తిట్లు."

"తప్పేం లేదు," అన్నారు ఉస్తాద్. "మానెయ్ బేటా. నిన్నెవరూ ఒక్క మాట అనడానికి లేదు. అంటే నేను ఊరుకోను."

ఈ జవాబు వస్తుందని ప్రభంజన్ అనుకోలేదు. బస్సులో కూడగట్టుకున్న వాదనంతా వృథా అయిపోయింది.

"మానేయాలని లేదు ఉస్తాద్. బాగున్నన్నాళ్ళూ ఒక్కడూ పలకడు. చెడితే మాత్రం అందరికీ నేను గుర్తొస్తాను. అదీ నా బాధ."

"అది నిజమే," అన్నారాయన. ఓదార్చలేదు. లేచి వెళ్ళి మూలనున్న పాత కంప్యూటర్ వేశారు. "ఇక్కణ్ణుంచే పంపు."

ప్రభంజన్ కూర్చుని తన ఉత్తరం తెరిచాడు. కొత్త వినికిడి ఆ కంప్యూటర్లో ఉంది, పోయిన నెల అతను విడుదల చేసిందే. ఉస్తాద్ అతని భుజం మీదుగా వంగి, తెర కింద ఉన్న మీట నొక్కారు. తెర నల్లబడిపోయింది.

"ఉస్తాద్?"

"వినికిడి ఉంది కదా. దాంతో పంపు. ముందు ఒకసారి చదివించు, నేనూ వింటాను."

ప్రభంజన్‌కు నవ్వొచ్చింది. చేసినవాడికే పరీక్ష పెడుతున్నారు. చదివించే మీట తడిమి నొక్కాడు.

"వినికిడి వాడుకునేవారికి మనవి. ఇది ఊరికే ఇచ్చింది. మేము ఎవరికీ జవాబుదారీ కాదు. ధర్మానికిచ్చిన ఆవుకు పళ్ళు లెక్కపెట్టడం ఇకనైనా మానండి."

ఆ గొంతు ప్రభంజన్‌దే. వినికిడికి గొంతు కావాల్సి వచ్చినప్పుడు, ఇదే గదిలో కిటికీ తలుపులు మూసుకుని, వేసవంతా చెమటలు కక్కుతూ చదివింది అతనే. చదివిన మాటల్ని ముక్కలు చేసి, మళ్ళీ అతికించి, ఏ వాక్యాన్నయినా పలికేలా చేశారు. చూపులేని అడివయ్యకు రోజూ పేపరు చదివిపెట్టే గొంతు ఇదే. పిల్లలకు పాఠం చెప్పే గొంతూ ఇదే. రేపు ఈ ఉత్తరం అందితే, దాన్నీ ఇదే చదివి వినిపిస్తుంది.

"బాగా చదివింది," అన్నారు ఉస్తాద్. "ఎక్కడా తడబడలేదు."

ప్రభంజన్‌కు సిగ్గేసింది. ముందు ఆవు మాట తీసేద్దామనుకున్నాడు. ఇంకాసేపటికి ఉత్తరమే తీసేద్దామనిపించింది. బటన్ల మీదికి తీసుకెళ్ళే ట్యాబ్ మీట నొక్కాడు.

ఉత్తరం కింద రెండు బటన్లు ఉంటాయి. ఒకటి పంపు, ఒకటి తొలగించు. ఏది ముందో ఏది తర్వాతో గుర్తులేదు. ఎప్పుడూ కంటి ముందే ఉండేవి, గుర్తుపెట్టుకునే పని పడలేదు. వినికిడి చెప్పాలి. చెప్పలేదు. మళ్ళీ నొక్కాడు. చప్పుడు లేదు. వెనక్కి జరిగాడు, ముందుకు జరిగాడు. ఎక్కడున్నాడో అంతుపట్టలేదు.

విడుదల చేసేముందు ఈ బటన్లన్నీ అతను జాగ్రత్తగా సరిచూశాడు. తెర మీద చూసుకుంటూ సరిచూశాడు. పేర్లన్నీ చక్కగా కనిపించాయి.

ఎంటర్ మీట మీద వేలు పెట్టి ఆగిపోయాడు. నొక్కితే ఉత్తరం చెరిగిపోవచ్చు. లేదా అందరికీ వెళ్ళిపోవచ్చు. వెళ్ళిందో లేదో కూడా తెలీదు. తెలీనివాడు ఏం చేస్తాడు, ఇంకోసారి నొక్కుతాడు. ఒకే ఉత్తరం మూడుసార్లు ఎందుకొచ్చిందో అప్పుడు తట్టింది. అడివయ్యది పొగరనే ఇన్నాళ్ళూ అనుకున్నాడు.

కింద షాపులో ఎవరో చక్రానికి గాలి కొడుతున్నారు. ప్రభంజన్ వేలు కదల్లేదు. ఉస్తాద్ ఆపిన తెరను తనంతట తాను వేసుకునే ధైర్యం అతనికి లేదు.

"ఉస్తాద్, తెర వేయండి."

ఆయన పలకలేదు.

"ఉస్తాద్, ఏ బటన్ మీదున్నానో తెలీట్లేదు. ఇది పలకట్లేదు."

ఆయన పలకలేదు. వెనక ఉన్నారో లేరో కూడా తెలీలేదు. ప్రభంజన్‌కు కోపం వచ్చింది.

"అడుగుతుంటే మిమ్మల్నే. ఇంతసేపా? వెంటనే వేయండి."

ఉస్తాద్ వెనకే నిలబడి ఉన్నారు.

"అడివయ్య నిన్ను అడిగిందీ అదే కదా బేటా," అన్నారు.