మంత్రిగారి విగ్రహానికి దిష్టిబొమ్మ

మొగలిరేవును ఏలే అనంగభూపతికి ఒక ఉదయం ఉన్నట్టుండి పట్టుదల పుట్టింది. రేవులో అలలకు అడ్డంగా కొత్త గోడ కట్టాలి, అది తన మునిమనవల కాలందాకా నిలవాలి. నిరుడు తుఫానుకు పాత గోడ కూలిపోయి జాలర్ల పడవలన్నీ ముక్కలయ్యాయి మరి.

"ఏ రాయి వాడదాం?" అని సభను అడిగాడు.

మంత్రి గుండయ సిద్ధంగానే ఉన్నాడు. తన సొంత కొండ నుంచి తెప్పించిన గులాబీరంగు రాయిని సభ మధ్య పెట్టించి, ఒక భటుడి చేత సమ్మెటతో కొట్టించాడు. రాయి పగల్లేదు. రాజు మురిసిపోయాడు.

విదూషకుడు బొల్లనకు మాత్రం ఆ రాయి సంగతి తెలుసు. పొట్ట తగ్గాలని వైద్యుడు చెప్పడంతో అతను రోజూ సముద్రం ఒడ్డున నడుస్తున్నాడు. నడక తక్కువ, కూర్చోవడం ఎక్కువ. మొన్న ఆ కొండరాతితోనే కట్టిన పాత మెట్టు మీద కూర్చుంటే, అది పొడిపొడిగా రాలి అతన్ని ఇసుకలో కూలేసింది. తన బరువే కారణమనుకుని, ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసుకున్నాడు పాపం. పక్కనే ఉన్న నల్లకొండ రాతి మెట్టు మీద భయంభయంగా కూర్చుంటే అది కదల్లేదు, మెదల్లేదు. తప్పు పొట్టది కాదని అప్పుడు తెలిసింది.

కానీ ఆ మాట మంత్రి ముఖం మీద అనడం ఎలా? పోట్లాటంటే బొల్లనకు చచ్చేంత భయం. కాసేపు ఆలోచించి, లేచి నిలబడ్డాడు.

"ప్రభూ, వానాకాలంలో గోడపని ఎలాగూ సాగదు. ఈలోగా ఇదే రాతితో మంత్రిగారి విగ్రహం చెక్కించి, అలలు తగిలే చోట నిలబెడదాం. ఓడలవాళ్లంతా దణ్ణం పెట్టుకుంటారు."

గుండయ మీసం దువ్వుకున్నాడు. "బొల్లన కూడా ఒక్కోసారి బాగానే మాట్లాడతాడు."

"అంత అందానికి దిష్టి తగలదా అండీ? పక్కన దిష్టిబొమ్మగా నన్ను పెట్టించండి. నా ముఖానికి నల్లకొండ రాయి చాలు."

సభంతా నవ్వింది. రాజు సరేనన్నాడు.

వానలు వెలిశాక రాజు పరివారంతో రేవుకు వెళ్లాడు. మంత్రి విగ్రహానికి ముక్కు లేదు, మీసం లేదు. చెంపలు పొరలు పొరలుగా ఊడిపోయి ఉన్నాయి. పక్కన బొల్లన బొమ్మ బానపొట్టతో సహా చెక్కుచెదరకుండా ఉంది.

"సమ్మెటకు పగలని రాయి ఇలా అయిందేం?" అన్నాడు రాజు.

"సమ్మెట ఒక దెబ్బ వేసి ఊరుకుంటుంది ప్రభూ. సముద్రం రాయికి ఉప్పునీళ్లు తాగిస్తుంది, ఎండ ఆరబెడుతుంది, సముద్రం మళ్లీ తాగిస్తుంది. లోపల మిగిలిన ఉప్పు గడ్డకట్టి రాయిని పొరలుగా చీలుస్తుంది," అన్నాడు బొల్లన.

గుండయ ముఖం కందగడ్డయింది. "మరి నీ బొమ్మను సముద్రం ఎందుకు వదిలేసిందయ్యా?"

బొల్లన తన బొమ్మను ఎగాదిగా చూసి నిట్టూర్చాడు.

"వదల్లేదండీ, ఈ ముఖాన్ని కాస్త బాగుచేద్దామని పాపం వానాకాలమంతా పాటుపడింది. రాయే ఒప్పుకోలేదు."

రాజు పగలబడి నవ్వాడు. గుండయ కూడా తన ముక్కు తడిమి చూసుకుని నవ్వేశాడు. గోడకు నల్లకొండ రాయే తెమ్మని ఆజ్ఞాపించి, రాజు తన మెడలోని ముత్యాలహారం తీసి బొల్లన మెడలో వేశాడు.