ముత్తాతగారి పిస్తోలు, పొట్టి కడ్డీ

తుపాకులు బాగుచేసే కమ్మరి నూకాలమ్మకు రాజుగారి కొలువు నుంచి పిలుపొచ్చింది. దివాను వీరమల్లు ఒక పాత పిస్తోలు పట్టుకొచ్చి, అది రాజుగారి ముత్తాతదని చెప్పి, బదులుగా ఒక ఊరు ఇనాం అడిగాడట. అడిగింది ఇంకే ఊరో కాదు, నూకాలమ్మ కొలిమి ఉన్న ఊరే! ఆ పిస్తోలు అసలుదో కాదో తేల్చడానికి ఆమె కొలువుకు వెళ్లింది.

"పెళ్లికి ముందే ముత్తాతగారు దీంతో యుద్ధం గెలిచారు. పైపూతా, మందు కూరే కడ్డీ, అన్నీ అప్పటివే. కాదన్నవాళ్లు ఆయన్ని అవమానించినట్టే. కొరడా దెబ్బలు తప్పవు!" అని ఉరిమాడు దివాను.

నూకాలమ్మ గొట్టాన్ని నిమిరింది. నల్లరంగు వేలికి అంటుకుంది.

"యుద్ధంలో పట్టిన మసి!" అన్నాడు దివాను.

"అయ్యుంటుంది బాబూ," అంటూ ఆమె కడ్డీని గొట్టం పక్కన పెట్టి చూసింది. సగానికే వచ్చింది. "ఇదీ అప్పటిదేనా?"

"ముమ్మాటికీ!"

నూకాలమ్మ రాజుగారికి దండం పెట్టింది. "ప్రభూ, ఇంత పొట్టి కడ్డీతో కూరితే గుండు అడుగుదాకా పోదు, నడిమధ్యలో ఆగిపోతుంది. పేల్చగానే గొట్టం బద్దలై, పట్టుకున్నవాళ్లే పోతారు. దివానుగారి మాటే నిజమైతే ముత్తాతగారు పెళ్లి కాకుండానే పోయారు. మరి తమరు..."

రాజుగారు ఒకసారి తన చేతులు తడుముకుని చూసుకున్నారు.

"దివానూ, నువ్వే తేల్చు. నకిలీ ఎవరు? కడ్డీయా, నేనా?"

దివాను వేలు కడ్డీని చూపించింది.